బ్యాగులకు కాపలా కాదు... ట్రాక్ మీద చోటు కావాలి!

మా హైస్కూల్లో పీటీ బెల్ కొట్టగానే అందరం ఒకే పని చేసేవాళ్లం. బ్యాగులన్నీ తీసుకెళ్లి వేపచెట్టు కింద కూర్చున్న మా క్లాస్‌మేట్ చుట్టూ పడేసి, గ్రౌండ్‌లోకి పరుగు. వాడికి పుట్టినప్పటి నుంచీ కాళ్లు పనిచేయవు. మూడు చక్రాల సైకిల్ మీద స్కూలుకి వచ్చేవాడు. ‘రేయ్, చూస్తుండు’ అని చెప్పి వెళ్లిపోయేవాళ్లం. నాలుగేళ్లు అలాగే గడిచింది. అందులో తప్పుందని మాకెవరికీ అనిపించలేదు. సార్‌కీ అనిపించలేదు. పైగా ‘వాడికీ ఒక పని ఇచ్చాం’ అనుకున్నాం.

ఈ విషయం పదిహేనేళ్ల తర్వాత ఎందుకు గుర్తొచ్చిందంటే, ఒక రాత్రి ఫోన్‌లో వీడియోలు చూస్తుంటే ఒక వీల్‌చెయిర్ రేస్ కనిపించింది. తల కిందకి వంచి, భుజాలు పిస్టన్లలా ఆడిస్తూ, మలుపులో ముగ్గురిని దాటేసి ముందుకు దూసుకుపోతున్న అమ్మాయి. పేరు టట్యానా మెక్‌ఫాడెన్. సరే, ఎవరో చూద్దామని వెతకడం మొదలుపెట్టాను. పతకాల లిస్ట్ పెద్దదే. కానీ నన్ను ఆపేసింది పతకాలు కాదు. ఆ అమ్మాయి స్కూల్ రోజుల కథ. అది చదివాక నాకు వేపచెట్టు, దాని కింద బ్యాగుల కుప్ప గుర్తొచ్చాయి.

చేతులే కాళ్లయిన ఆరేళ్లు

టట్యానా పుట్టింది 1989 ఏప్రిల్ 21న, అప్పటి సోవియట్ యూనియన్‌లోని లెనిన్‌గ్రాడ్‌లో. ఇప్పుడు ఆ ఊరి పేరు సెయింట్ పీటర్స్‌బర్గ్. పుట్టుకతోనే ‘స్పైనా బిఫిడా’. అంటే తల్లి కడుపులో ఉన్నప్పుడు వెన్నెముక పూర్తిగా మూసుకోకపోవడం. ఇలాంటి బిడ్డకి పుట్టిన వెంటనే ఆపరేషన్ చేయాలి. టట్యానాకి మాత్రం మూడు వారాలు గడిచాక చేశారు. ప్రాణం నిలబడింది గానీ నడుము కింది భాగం చచ్చుబడిపోయింది.

కన్నతల్లికి పెంచే స్తోమత లేదు. పాపని అనాథాశ్రమంలో ఉంచారు. అక్కడ వీల్‌చెయిర్ లేదు. మరి మిగతా పిల్లలతో కలిసి తిరగాలంటే? చేతులు నేల మీద ఆనించి, వాటితోనే నడిచేది. ఒకరోజు రెండ్రోజులు కాదు, దాదాపు ఆరేళ్లు. ఎవరైనా సాయం చేయబోతే రష్యన్‌లో ‘యా సమా’ అనేదట. ‘నేనే చేసుకుంటా’ అని అర్థం. పెద్దయ్యాక రాసిన పుస్తకానికీ అదే పేరు పెట్టుకుంది.

అప్పట్లో అమెరికా ప్రభుత్వంలో వికలాంగుల వ్యవహారాలు చూసే కమిషనర్‌గా పనిచేసిన డెబోరా మెక్‌ఫాడెన్ ఆ ఆశ్రమానికి వెళ్లారు. ఆమె కూడా ఒకప్పుడు గిలాన్ బారే సిండ్రోమ్‌తో కొన్నేళ్లు వీల్‌చెయిర్‌లో గడిపిన మనిషే. టట్యానాని చూశారు, దత్తత తీసుకున్నారు. అలా ఆరేళ్ల వయసులో ఆ పాప అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రానికి చేరింది.

వచ్చేటప్పటికి మనిషి బాగా బలహీనంగా ఉంది. ఎక్కువ కాలం బతకదేమో అన్నారు డాక్టర్లు. అమ్మ చేసిన పని ఏమిటంటే, ఆటల్లో చేర్పించడం! బాల్టిమోర్‌లో దివ్యాంగ పిల్లల కోసం ‘బెన్నెట్ బ్లేజర్స్’ అని ఒక స్పోర్ట్స్ ప్రోగ్రాం ఉంది. అక్కడ ఈత, బాస్కెట్‌బాల్, ఐస్ హాకీ... అన్నీ ట్రై చేసింది. చివరికి మనసు పారేసుకుంది మాత్రం రేసింగ్ మీదే. ఆరేళ్లు చేతుల మీద నడిచిన భుజాలవి. వాటికి చక్రాలు దొరికాయి, అంతే.

పారాలింపిక్స్‌లో పతకం... స్కూల్లో ఒంటరి రేస్

2004 ఏథెన్స్ పారాలింపిక్స్ నాటికి టట్యానాకి 15 ఏళ్లు. అమెరికా ట్రాక్ జట్టులో అందరికంటే చిన్నది. 100 మీటర్లలో రజతం, 200 మీటర్లలో కాంస్యం తెచ్చింది. మన దగ్గరైతే ఫ్లెక్సీలు, ఓపెన్ టాప్ జీపు, సన్మానాలు. మరి ఆమె హైస్కూల్లో ఏం జరిగిందో తెలుసా?

స్కూల్ ట్రాక్ టీమ్‌లో చేరతానంది. మిగతా పిల్లలతో కలిసి పరుగెత్తడానికి ఒప్పుకోలేదు. ‘వీల్‌చెయిర్ తగిలి ఎవరికైనా దెబ్బ తగులుతుంది’ అన్నారు. ‘చక్రాల వల్ల నీకు అదనపు లాభం’ అని కూడా అన్నారు. ఒకే నోటితో ‘నువ్వు ప్రమాదం’, ‘నువ్వు మరీ ఫాస్ట్’! చివరికి ఏం చేశారంటే, మిగతా రేస్‌లు ఆపి, ట్రాక్ ఖాళీ చేసి, ఆమె ఒక్కదాన్నే తిప్పారు. పక్క లేన్‌లో ఎవరూ లేరు. ముందు ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు. స్టాండ్స్‌లో జనం చూస్తుంటే, ప్రపంచ స్థాయి పతకాలు గెలిచిన అమ్మాయి ఖాళీ ట్రాక్ మీద ఒంటరిగా.

ఒక్క నిమిషం ఆలోచించండి. ఒక్కరే పరుగెత్తితే అది రేస్ అవుతుందా?

తల్లీకూతుళ్లు కోర్టుకి వెళ్లారు. నష్టపరిహారం అడగలేదు. ఒక్క డాలర్ కూడా అడగలేదు. అడిగింది ఒకటే: మిగతావాళ్లు ట్రాక్ మీద ఉన్నప్పుడు నేనూ ఉండాలి. 2006లో ఫెడరల్ కోర్టు ఆమెకు అనుకూలంగా ఆదేశమిచ్చింది.

గెలిచాక అంతా హ్యాపీ అనుకుంటాం కదా. కాదు. ట్రాక్ మీదికి వస్తే కొందరు వెక్కిరించారు, ‘బూ’ అని అరిచారు. ఆ వయసులో తోటివాళ్లు ముఖం తిప్పుకుంటే ఎలా ఉంటుందో మనకి తెలియనిదా? అయినా వెనక్కి తగ్గలేదు. ఆమె పోరాటం ఒక స్కూల్‌తో ఆగలేదు. దివ్యాంగ విద్యార్థులకు ఆటల్లో సమాన అవకాశం ఇవ్వాలంటూ మేరీలాండ్ 2008లో చట్టం చేసింది. 2013లో అమెరికా విద్యాశాఖ దేశంలోని స్కూళ్లన్నిటికీ అదే విషయం చెబుతూ మార్గదర్శకాలు ఇచ్చింది.

నా దృష్టిలో ఆమె కెరీర్‌లో అతిపెద్ద గెలుపు ఇదే. దీనికి మెడల్ లేదు.

అది కుర్చీ కాదు, రేస్ బండి

‘వీల్‌చెయిర్‌లో కూర్చుని తోసుకోవడమేగా, అందులో ఏముంది’ అనుకునేవాళ్లు ఉంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కాబట్టి కొంచెం టెక్నికల్‌గా చూద్దాం.

రేసింగ్ చెయిర్‌కి మూడు చక్రాలు. వెనక రెండు పెద్దవి, పైన దగ్గరగా, కింద దూరంగా ఉండేలా ఏటవాలుగా బిగిస్తారు. ముందు పొడవాటి ఫ్రేమ్ చివర ఒక చిన్న చక్రం. అథ్లెట్ దాదాపు మోకాళ్ల మీద కూర్చున్నట్టు ముందుకి వంగి ఉంటుంది. గాలి అడ్డు తగ్గాలి కదా! గేర్లు ఉండకూడదు, మోటార్ ఉండకూడదు. బండి కదిలేది చేతి బలంతోనే.

ఆ తోయడం కూడా మామూలుగా రింగ్ పట్టుకుని తిప్పడం కాదు. గట్టి గ్లవ్స్ వేసుకుని, చక్రానికి ఉన్న చిన్న రింగ్‌ని పైనుంచి కిందకి గుద్దినట్టు కొడుతూ తోస్తారు. పట్టుకోవడం ఉండదు. దెబ్బ, వదలడం, మళ్లీ దెబ్బ. ట్రాక్ మలుపు దగ్గర ముందు చక్రాన్ని తగిన కోణంలో తిప్పి ఉంచడానికి ఒక చిన్న లీవర్ ఉంటుంది. దాన్ని ఒక్క తట్టు తట్టి, మళ్లీ చేతులు రింగ్ మీదికి. మారథాన్ రోడ్ మీద దిగుడు వస్తే బండి గంటకు 50 కిలోమీటర్లు దాటుతుంది. స్కూటీ మీద మనం అంత స్పీడ్‌లో వెళ్తేనే ఇంట్లో తిడతారు. ఇక్కడ చుట్టూ మరో పది బండ్లు, మధ్యలో అరచేయంత గ్యాప్.

ఎవరు ఎవరితో పోటీ పడాలన్నదానికీ లెక్క ఉంది. ట్రాక్ మీద వీల్‌చెయిర్ అథ్లెట్లని టీ51 నుంచి టీ54 వరకు విభజిస్తారు. టీ51, టీ52లో చేతుల్లోనూ ఇబ్బంది ఉన్నవాళ్లు ఉంటారు. టీ53 వాళ్లకి చేతులు బాగానే ఉంటాయి గానీ పొట్ట కండరాల పట్టు ఉండదు. టీ54 వాళ్లకి నడుము పైభాగం కొంతవరకో, పూర్తిగానో సహకరిస్తుంది. టట్యానాది టీ54. అందరికంటే వేగమైన క్లాస్.

100 మీటర్లూ తనదే... 42 కిలోమీటర్లూ తనదే

పరుగులో స్ప్రింటర్ వేరు, మారథాన్ రన్నర్ వేరు. ఉసేన్ బోల్ట్ మారథాన్ గెలవడం మనం ఊహించగలమా? టట్యానా మాత్రం రెండు వైపులా పోటీ పడింది.

ఇల్లినాయ్ యూనివర్సిటీలో చదువుతూ అక్కడి ప్రసిద్ధ వీల్‌చెయిర్ రేసింగ్ టీమ్‌లో కోచ్ ఆడమ్ బ్లీక్నీ దగ్గర శిక్షణ తీసుకుంది. 2008 బీజింగ్‌లో నాలుగు పతకాలు. కానీ ఒక్క స్వర్ణం లేదు. 2009లో షికాగో మారథాన్ గెలిచింది. 2012 లండన్ పారాలింపిక్స్‌లో 400, 800, 1500 మీటర్లలో మూడు స్వర్ణాలు. 100 మీటర్ల ఫైనల్లో పక్కన పోటీ పడింది ఎవరో తెలుసా? సొంత చెల్లెలు హన్నా! అల్బేనియా నుంచి దత్తత వచ్చిన అమ్మాయి. ఒకే ఇంటి నుంచి ఇద్దరు, ఒకే ఫైనల్.

ఆ మరుసటి ఏడాది 2013 అయితే సినిమానే. ఫ్రాన్స్‌లోని లియాన్ వరల్డ్ ఛాంపియన్‌షిప్స్‌లో 100 నుంచి 5,000 మీటర్ల వరకు ఆరు స్వర్ణాలు. అదే ఏడాది బోస్టన్, లండన్, షికాగో, న్యూయార్క్ మారథాన్లు నాలుగూ గెలిచింది. ఒకే ఏడాదిలో ఈ నాలుగూ గెలిచిన మొదటి మనిషి తనే. వీల్‌చెయిర్ విభాగంలో మాత్రమే కాదు, రెండు కాళ్ల మీద పరుగెత్తేవాళ్లలో కూడా అంతకుముందు ఎవరూ ఆ పని చేయలేదు.

ఆ నాలుగింట్లో మొదటిది మర్చిపోలేనిది. 2013 ఏప్రిల్ 15న ఉదయం బోస్టన్‌లో గెలిచింది. మధ్యాహ్నం అదే ఫినిష్ లైన్ దగ్గర బాంబులు పేలాయి. ముగ్గురు చనిపోయారు, వందల మంది గాయపడ్డారు. ఎంతోమంది కాళ్లు పోగొట్టుకున్నారు. ఆరు రోజుల తర్వాత లండన్ మారథాన్. రన్నర్లు నల్ల రిబ్బన్లు పెట్టుకుని పరుగెత్తారు. ఆ రోజు టట్యానా 24వ పుట్టినరోజు. అక్కడా గెలిచింది. నిన్నటిదాకా నడిచి, ఒక్క రోజులో కాళ్లు కోల్పోయినవాళ్లు ఆస్పత్రి మంచం మీద నుంచి ఆ రేస్ చూసి ఉంటే? ‘ఇక అంతా అయిపోయింది’ అనుకునే సమయంలో అది ఎలా కనిపించి ఉంటుంది? నేను దాని గురించే చాలాసేపు ఆలోచించాను.

తర్వాత 2014, 2015, 2016లోనూ ఆ నాలుగు మారథాన్లూ తనవే.

రష్యా గడ్డ మీద ఇద్దరు అమ్మలు

2014లో వింటర్ పారాలింపిక్స్ రష్యాలోని సోచిలో జరిగాయి. తను పుట్టిన దేశం. అక్కడ పోటీ పడాలని టట్యానా మంచు మీద కూర్చుని స్కీయింగ్ చేయడం కొత్తగా నేర్చుకుంది. కిలోమీటర్ స్ప్రింట్‌లో స్వర్ణం సెకనులో పదో వంతు తేడాతో పోయింది, రజతం వచ్చింది. చూడటానికి వచ్చినవాళ్లలో పెంచిన తల్లి ఉంది. కన్నతల్లి కూడా ఉంది.

కన్నతల్లి మీద కోపం లేదా అని మనకి అనిపిస్తుంది. కానీ ఆ రోజు ఒకే చోట ఇద్దరు అమ్మలు ఒకే బిడ్డ కోసం చప్పట్లు కొట్టారంటే, కొన్ని ప్రశ్నలకు మనం జవాబు వెతకక్కర్లేదు.

ఓడిపోయిన రోజులూ ఉన్నాయి

2016 రియోలో 400, 800, 1500, 5,000 మీటర్లలో నాలుగు స్వర్ణాలు, 100 మీటర్లలో రజతం. చివరి రోజు మారథాన్. గంటా 38 నిమిషాల పోరాటం తర్వాత చైనా అథ్లెట్ జోవ్ లిహాంగ్, టట్యానా ఒకేసారి లైన్ దాటారు. గడియారంలో ఇద్దరిదీ ఒకే టైమ్. ఫొటో ఫినిష్ చూసి స్వర్ణం జోవ్‌కి ఇచ్చారు. 42 కిలోమీటర్ల చివర తేడా ఫొటోలో మాత్రమే కనిపించేంత!

2017లో కాళ్లలో రక్తం గడ్డలు కట్టాయి. ఆస్పత్రి, ఆపరేషన్లు. కాళ్లలో స్పర్శ లేనివాళ్లకి ఇలాంటివి మరీ ప్రమాదం, నొప్పి తెలియదు కాబట్టి. ఏడాది తిరిగేసరికి, 2018 ఏప్రిల్‌లో బోస్టన్‌కి వచ్చింది. ఆ రోజు గడ్డకట్టే చలి, ఎదురుగాలి, కుండపోత వాన. రింగ్ తడిస్తే గ్లవ్స్ జారిపోతాయి. గెలిచింది. బోస్టన్‌లో అది ఐదో గెలుపు.

టోక్యోలో మరో మూడు పతకాలు. అందులో ఒకటి చాలా ముచ్చటైనది. 4x100 యూనివర్సల్ రిలే. చూపు సరిగా లేనివాళ్లు, చేయో కాలో లేనివాళ్లు, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లు, వీల్‌చెయిర్ అథ్లెట్... నలుగురూ ఒకే జట్టు. బ్యాటన్ ఉండదు, ఒకరినొకరు తాకితే చాలు. చివరి 100 మీటర్లు టట్యానావి. 45.52 సెకన్లలో ప్రపంచ రికార్డుతో స్వర్ణం. ఒకప్పుడు ‘అందరితో కలిసి నువ్వు వద్దు’ అన్నారు కదా. ఇక్కడ ఒక్కొక్కరిదీ ఒక్కో రకం శరీరం, ట్రాక్ ఒక్కటే.

2024 పారిస్‌లో 35 ఏళ్ల వయసులో 100 మీటర్లలో మళ్లీ రజతం. మొదటి పారాలింపిక్స్‌లో 15 ఏళ్ల పిల్లగా ఇదే 100 మీటర్లలో రజతం తెచ్చింది. మధ్యలో 20 ఏళ్లు!

డబ్బు మాట కూడా మాట్లాడుకుందాం

మన కథనాల్లో ‘పట్టుదల ఉంటే చాలు’ అని రాసేస్తాం. చాలదు. రేసింగ్ చెయిర్ ఖరీదు మన డబ్బుల్లో లక్షల్లో ఉంటుంది. కోచ్ కావాలి, ట్రాక్ కావాలి, అక్కడికి వెళ్లే బస్సు ఎక్కగలగాలి. టట్యానాకి పట్టుదల రష్యాలోనూ ఉంది. లేనిది చక్రాలు. అవి దొరికాకే పతకాలు వచ్చాయి.

అమెరికాలో కూడా ఒకప్పుడు ఒలింపిక్ స్వర్ణానికి ఒక రేటు, పారాలింపిక్ స్వర్ణానికి అందులో కొంత భాగం మాత్రమే. 2018లో రెండూ సమానం చేశారు. స్వర్ణానికి 37,500 డాలర్లు, ఎవరు తెచ్చినా అంతే.

మరి మన దగ్గర?

పారిస్‌లో మన దేశానికి 29 పతకాలు వచ్చాయి. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 400 మీటర్ల టీ20 విభాగంలో కాంస్యం తెచ్చింది. మనందరం స్టేటస్‌లు పెట్టుకున్నాం. కానీ ఆ 29లో వీల్‌చెయిర్ రేసింగ్ పతకం ఒక్కటీ లేదు. మన పిల్లల భుజాల్లో బలం లేకనా?

మన దేశంలో 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. ప్రభుత్వ గుర్తింపు లేదా నిధులు ఉన్న విద్యాసంస్థలు దివ్యాంగ విద్యార్థులకు చదువుతో పాటు ఆటల్లోనూ మిగతావాళ్లతో సమానంగా అవకాశం ఇవ్వాలని అందులో రాసి ఉంది. టట్యానా కోర్టుకెళ్లి సాధించుకున్నది మనకి పుస్తకంలో రాసే ఉంది! మీ స్కూల్లోనో కాలేజీలోనో స్పోర్ట్స్ డే రోజు ఒక్కసారి చూడండి. లిస్ట్‌లో వాళ్ల పేరు ఉందా? లేక కుర్చీ వేసి, చప్పట్లు కొట్టే డ్యూటీ ఇచ్చారా? ‘హ్యాట్సాఫ్’ అని కామెంట్ పెట్టడం కంటే, స్పోర్ట్స్ సార్‌ని ‘వాళ్ల ఈవెంట్ ఎక్కడ సార్?’ అని అడగడం ఎక్కువ ఉపయోగం.

ఇది రాయడం పూర్తయ్యాక, మా క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో వాడి నంబర్ వెతికి, టట్యానా వీడియో పంపించాను. కింద ‘సారీ రా, నీ మీద బ్యాగులు పడేసి వెళ్లేవాళ్లం’ అని రాశాను. గంట తర్వాత రిప్లై వచ్చింది.

‘అన్ని టిఫిన్ బాక్సులు నా దగ్గరే ఉండేవి, గుర్తుందా? మీ అమ్మ చేసిన పులిహోర సగం నేనే తిన్నాను. లెక్క సరిపోయింది పో.’

నవ్వుకున్నాను. ఇంకా టైప్ చేస్తున్నట్టు కనిపిస్తోంది. ఆగుతోంది. మళ్లీ టైప్ చేస్తోంది. చివరికి వచ్చింది.

‘సైకిల్ మీద నేను ఎంత ఫాస్ట్ వెళ్లేవాడినో మీరు ఎప్పుడూ చూడలేదు రా. స్కూల్ వదిలాక గ్రౌండ్ ఖాళీ అయితే ఒక్కడినే రౌండ్లు కొట్టేవాడిని.’

ఒక్కడే. ఖాళీ ట్రాక్ మీద.

దానికి ఏం రిప్లై ఇవ్వాలో నాకు ఇంకా తోచలేదు.